ఏటవాలు వేదిక మీద పద్మజ ఆంటీ

2023లో నేను బ్రిస్బేన్‌లోని ఒక చిన్న థియేటర్‌లో స్టేజ్ మేనేజర్‌ని. ప్రదర్శన సాగుతున్నంతసేపూ లైట్లు, శబ్దాలు, నటుల రాకపోకలు అన్నీ మా మాట మీదే నడుస్తాయి. ప్రమాదం అనిపిస్తే నాటకాన్ని మధ్యలో ఆపే అధికారం కూడా మాదే.

ఆ ఏడాది మేం వేసింది ఊరి శివారు సన్నీబ్యాంక్‌లో కిరాణా కొట్టు నడిపే ఒక తెలుగు తల్లి కథ. కొట్టు ఖాళీ చేయించడానికి మనుషులు వస్తే ఆమె బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం వేస్తుంది. ఆ పాత్ర పద్మజ ఆంటీది. గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి హైస్కూళ్ళలో సైన్సు చెప్పి, రిటైరయ్యాక నాటకాల్లోకి దిగిన మనిషి. రిహార్సల్ గదిలో మామూలు నేల మీద ఆవిడ నడుం బిగించి ఆ బస్తా లాగుతుంటే గదిలో ఎవరూ కదిలేవారు కాదు.

తర్వాత అసలు సెట్ వచ్చింది. నల్లగా మెరిసే నేల, వెనక ఎత్తుగా, ముందుకు వచ్చేకొద్దీ పల్లంగా. ఇలాంటి ఏటవాలు వేదికను మా భాషలో రేక్ అంటారు. కొద్దిపాటి వాలు మంచిదే, వెనక వరసలకూ నటులు బాగా కనిపిస్తారు. ఇది మాత్రం పెంకుటింటి కప్పులా ఉంది. వలస వచ్చినవాళ్ళ కాళ్ళ కింద నేల జారిపోతుంటుందని, అది ప్రేక్షకుడికి కంటితో చూపించాలని డైరెక్టర్ మార్క్ వివరించాడు. హాల్లో కూర్చుని చూస్తే నిజంగానే అద్భుతంగా ఉంది. కాకపోతే హాల్లో కూర్చునేవాళ్ళు దాని మీద నడవరు.

ఆంటీ అడుగులు చిన్నవయ్యాయి. మాట అందుకునే ముందు చెయ్యి బల్ల అంచు కోసం వెతికేది. ఎత్తు మీదికి బస్తా లాగలేకపోతే మార్క్ ఆ పని కొడుకు పాత్రకు ఇచ్చేశాడు. పోరాడాల్సిన తల్లి ఒక పక్కన నిలబడి చూసే తల్లి అయింది. మొదటి ప్రదర్శనలకు వచ్చినవాళ్ళు అయ్యో పాపం అని నిట్టూర్చారు. ఆ వణికే నడకలో ఎంత నటన ఉందోనని ఒక సమీక్షకుడు రాశాడు. మార్క్ మురిసిపోయి అది మా అందరికీ చదివి వినిపించాడు.

మేకప్ గదిలో ఆంటీ మోకాలికి ఐస్ పెట్టుకుంటోంది. ఆ సమీక్ష సంగతి ఎత్తాను.

"నటనేంటి లావణ్యా, పడతానేమోనని భయం. ఆయనకి నచ్చింది నా భయం."

మరి చెప్పరేం అని అడిగాను.

"చెబితే ముసల్దానికి చేతకావట్లేదంటారు. మనవాళ్ళకి ఇంత పెద్ద రోల్ మళ్ళీ ఎవరిస్తారమ్మా?"

ఆవిడ పేరు రాకుండా నేనే మార్క్‌కు చెప్పాను. రోజూ పంపే రిపోర్టులో రాశాను. ఇంజనీరు పరీక్షించిన సెట్ అని, కావాలంటే మోకాలికి పట్టీ కొనిస్తామని థియేటర్ మేనేజర్ నుంచి జవాబు వచ్చింది. చెక్క బరువు మోస్తుందా లేదా అన్నది పరీక్షించారు. దాని మీద అరవై దాటిన మనిషి రోజూ ఎలా నడుస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

మరుసటి వారం, నిండు హాలు ముందు, ఆంటీ జారింది. మోకాలి మీద పడి, వేదిక అంచుదాకా వచ్చి ఆగింది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, అంతా నాటకమే అనుకుని. ఆవిడ పెదవి కొరుక్కుని అలాగే డైలాగ్ మొదలుపెట్టింది. నేను హాల్లో లైట్లు వేయించి, ప్రదర్శన ఆపుతున్నామని మైకులో చెప్పాను.

హాలు వెనక నేను కూర్చునే కంట్రోల్ బూత్‌లోకి మార్క్ దూసుకొచ్చాడు. "హాలంతా ఆమెతో ఉంది. ఆ క్షణాన్ని నువ్వు చంపేశావు."

"హాలంతా ఆవిడ పడిపోవడం చూస్తోంది మార్క్. అది నాటకంలో లేదు."

అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. కొన్ని ప్రదర్శనలు రద్దయ్యాయి. ఈసారి ఆంటీ నన్ను చెప్పనివ్వలేదు. ఆ మేనేజర్‌ను, మార్క్‌ను ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, నేల చదును చేస్తేనే వస్తానని, బస్తా మళ్ళీ తనే లాగుతానని చెప్పింది. ఆవిడకు బదులు చేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఒప్పుకున్నారు. లేకపోతే ఒప్పుకునేవారా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

వాలు తీసేసి, కాలు జారని రబ్బరు పరిచారు. వాపు తగ్గి ఆంటీ తిరిగొచ్చేసరికి మిగిలింది చివరి వారం. ఆవిడ బస్తా ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పడేసి, దాని మీద కూర్చుని, ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసింది. ఈసారి నిట్టూర్పులు లేవు. వెనక వరసల్లోంచి ఎవరో "గుడ్ ఆన్ యా" అని ఇక్కడి తీరులో శభాష్ చెప్పడం నా బూత్‌దాకా వినిపించింది. మొదటి వారమూ వచ్చి చూసిన ఒకావిడ బయట నన్ను ఆపి, అప్పుడు తల్లి పాత్ర వేసింది వేరే నటి కదా అని అడిగింది. కాదు, ఆవిడేనన్నాను. నమ్మలేదు.

తర్వాత ఒక సభలో మార్క్, నేల చదును చేశాకే ఆ తల్లి బలం తనకు కనిపించిందని చెప్పాడు. అది తన కొత్త ఆలోచన అన్నట్టే చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బలం స్క్రిప్టులో మొదటి నుంచీ ఉంది, రిహార్సల్ గదిలో మేమంతా చూశాం. దాన్ని దాచేసింది ఆ సెట్టే.

సెట్ కథకు వెనక ఉండే బొమ్మ కాదని, అది మనిషినే మార్చేస్తుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ డిజైనర్ కొత్త నమూనా తెచ్చి బల్ల మీద పెట్టినా, దాని అర్థం ఏమిటన్నది తర్వాత వింటాను. ముందు ఆ నేల మీద నడవాల్సిన నటులను గదిలోకి పిలుస్తాను.