ఎగైలా నుంచి తెచ్చిన పెళ్ళిపెట్టె

1984 జూలై, ఒక శుక్రవారం, ఉదయం ఆరున్నర. కువైట్‌లోని జాబ్రియాలో బస్సెక్కాం, నేనూ సత్యమూ. ఇద్దరికీ ఒకే ఇంట్లో కొలువు. నాది కడప వైపు, వంట చేస్తాను. సత్యం కోనసీమ వడ్రంగి.

మేం మామా అని పిలిచే మా యజమానురాలు కొత్త ఇల్లు కట్టింది. పాలరాయి, గాజుబల్లలు, విదేశీ సోఫాలు. అప్పట్లో అలాంటి ఇళ్ళలో ఒక పాత సామాను పెట్టుకోవడం మోజు. ఎగైలాలో ఆమె పుట్టింటి సామాన్ల గదిలో నాయనమ్మ పెళ్ళిపెట్టె ఉంది. సాయంత్రం చుట్టాలు వచ్చేలోగా తెమ్మంది. తెస్తే సత్యానికి ఊరెళ్ళే సెలవు, ఆమె దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి. అతని కూతురు నీలవేణికి మూడేళ్ళు. ఫోటోలో తప్ప చూడలేదు.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి, అవీ తెలుగువే. బోర్డు తెలియక ముందు స్టాపులోనే దిగాం. మీరు వెళ్తే డ్రైవర్ని అడిగి దిగండి, నీళ్ళు పట్టుకెళ్ళండి. ఆ ఎండలో నడక నరకం.

ఎనిమిదింటికి చేరాం. టేకుపెట్టె. ఇత్తడి మేకులు నల్లబడ్డాయి, మూత మీద మసక మచ్చ. మధ్యాహ్నం జుమ్మా నమాజయ్యాక గానీ పెట్టె తీసుకెళ్ళే వ్యాను రాదు. సత్యం సంచిలోంచి చిత్రిక తీశాడు.

"ఏం చేస్తాండావురా?"

"ఇంత మురికిది వడ్రంగోడి చేతి మీదుగా వెళ్తే నవ్వరా బాబాయ్? మామా మురిసిపోద్ది చూడండి!"

మూత చిత్రిక పట్టాడు. మేకులు తోమాడు. వార్నీషు వేశాడు. పెట్టె ధగధగలాడింది.

మూడింటికి జాబ్రియాలో దించాం. మామా మూత తడిమింది. అరబ్బీలో ఏదో అడిగింది. మా హైదరాబాదు డ్రైవరు యూసుఫ్ చెప్పాడు: "నాయనమ్మ చెయ్యేదీ అని అడుగుతోంది. ఆవిడ చేత్తో మూత తెరిచి తెరిచి పడ్డ మచ్చ అంట. దాని కోసమే ఈ పెట్టె తెప్పించింది."

మామా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మామా, నా సెలవు?" అన్నాడు సత్యం.

"ఖలాస్," అంది, ఇక లేదని. పెట్టెను మళ్ళీ ఎగైలాకే చేర్చమంది.

చేర్చాం. యూసుఫ్ వ్యానుతో వేరే పని మీద వెళ్ళాడు. ఏడింటి బస్సులో తిరిగొస్తుంటే సత్యం గోళ్ళలోని వార్నీషు గీక్కుంటూ కూర్చున్నాడు.

"బాగానే చేశాను కదా బాబాయ్?"

"బాగానే చేసినావురా."

మెరిసేవాటి మధ్య ఉండేవాళ్ళకు మాసినది కావాలి. మాసినవాటి మధ్య పెరిగినవాళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఆ రోజు ఆ పెట్టె దగ్గర ఉన్నవాళ్ళం: మామా నూరియా, డ్రైవరు యూసుఫ్, వడ్రంగి సత్యం, వంట ఓబులయ్య అనే నేను. సత్యం జేబులో, ఫోటోలో, నీలవేణి.