ఏడున్నర ఆట

మా నెబ్రాస్కా రైతులు రెండు వేళలకే కట్టుబడతారు. ఒకటి ఆవులకి, రెండోది బాస్కెట్‌బాల్‌కి. పాలు పితికి, చేతులు కడుక్కుని, ఏడున్నరకల్లా కాలేజీ జిమ్ములో కూర్చుంటారు. అది మగపిల్లల ఆట వేళ. ఆడపిల్లలది అయిదున్నరకి. దాన్ని చూసేది వాళ్ళ అమ్మలూ, మూలన తినుబండారాల బల్ల సర్దుకునే నేనూ.

లోరీన్ హ్రూబీ మా కాలేజీ ఆటలకి డైరెక్టరుగా వచ్చిన మొదటి ఆడమనిషి. ఇదే జిమ్ములో ఆడి పెరిగిన పిల్ల. వచ్చీ రాగానే వేళలు తిరగేసింది. మగపిల్లలు ముందు, ఆడపిల్లలు ఏడున్నరకి! కాలేజీ ప్రెసిడెంటు ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఒక్క రోజు చూస్తా. జనం లేచిపోతే మళ్ళీ పాత వేళలే. నీ కుర్చీ సంగతీ అప్పుడే తేల్చుకుందాం" అన్నాడు.

"ఎందుకమ్మా కోరి తలనొప్పి తెచ్చుకుంటావ్?" అన్నాను నేను.

"ఖాళీ కుర్చీల ముందు ఆడితే ఎలా ఉంటుందో తెలుసా బెర్నీస్? బంతి చప్పుడు తిరిగొచ్చి మన చెవులకే తగులుతుంది."

పోస్టాఫీసులోనూ, చర్చి గుమ్మంలోనూ నోటీసులు అంటించింది. మావాళ్ళు చదివితేగా! ఆ రోజు కూడా ఎప్పటిలాగే ఏడున్నరకి బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చేశారు. అందరికన్నా ముందు ఎల్డన్ కుచేరా, మా ఊళ్ళో పెద్ద గొంతు ఆయనది.

"మగపిల్లలేరే బెర్నీస్?"

"ఆడేసి స్నానాలకి పోయారు. నోటీసు చూళ్ళేదా?"

"నోటీసులు చదివే బుద్ధే ఉంటే ఆవుల దగ్గరెందుకుంటాను? పదండ్రా ఇంటికి!"

ఆయన వెనకే పది మంది తలుపు వైపు తిరిగారు. ప్రెసిడెంటు అటే చూస్తున్నాడు. లోరీన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సరే, రెండు కొలాచీలు కట్టియ్యి, మా ఆవిడకి" అన్నాడు ఎల్డన్. గసగసాల ముద్ద పెట్టి నేను కాల్చే బన్నులవి. ఏడున్నర ఆట సగమయ్యాకే వాటి మీద గుడ్డ తీస్తాం. మా అమ్మమ్మ బల్ల దగ్గర నిలబడ్డ నాటి నుంచీ అదే కట్టుబాటు.

"కుదరదు. సగం ఆట అవ్వాలి."

"అబ్బో! బంగారం పెట్టి చేశావా ఏంటి?"

"ఏం పెట్టి చేస్తే నీకేం? కూర్చో."

గొణుక్కుంటూ కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. అంత దూరం బండి తోలుకొచ్చి కొలాచీ తినకుండా పోయే మనిషి మా జిల్లాలోనే లేడు మరి. కోటు గుండీలు మాత్రం విప్పలేదు.

ఆట సగమయింది. కొలాచీలు తీసుకున్నారు. వెళ్ళిపోతారేమోనని నేను తలుపు వంకే చూశాను. చేత్తో పట్టుకుని గబగబా తమ కుర్చీలకే పోయారు. ఎల్డన్ కోటు ఎప్పుడు విప్పాడో నేను చూళ్ళేదు.

ఇక ఆఖరి నిమిషం. రెండు జట్లూ సమానం. మా జట్టు పిల్ల అవతలి పిల్ల చేతిలోంచి బంతి లాక్కుంటే రిఫరీ ఈల వేసి ఫౌలన్నాడు. మావాళ్ళు మహా మర్యాదస్తులు, ఎప్పుడైనా ఆడపిల్లల ఆట చూడాల్సొస్తే రెండు జట్లకీ మెత్తగా చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. అలాంటిది ఎల్డన్ ఎగిరి నిలబడ్డాడు.

"ఒరేయ్ గుడ్డి సన్నాసీ! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? మన పిల్ల అవతలి పిల్లని ముట్టుకోనే లేదురా!"

రిఫరీ లోరీన్‌కేసి చెయ్యి చూపించాడు. నోరు పారేసుకున్నవాణ్ణి బయటికి పంపాల్సింది డైరెక్టరే. వెళ్ళి ఎల్డన్ చెయ్యి పట్టుకుంది.

"పదండి ఎల్డన్ గారూ."

"నువ్వు చెప్పమ్మా, అది ఫౌలా?"

"నన్నడక్కండి, నేను డైరెక్టర్ని."

"కాకపోతేనో?"

"కాకపోతే మీకన్నా ముందు నేనే తిట్టేదాన్ని."

తలుపు బయట అద్దానికి ముక్కు ఆనించి మిగతా ఆటంతా చూశాడు ఆ ముసలాడు. మా పిల్లలు ఓడిపోయారు. అయినా చివరి ఈల దాకా ఒక్కరు కదిలితే ఒట్టు. ప్రెసిడెంటు నా దగ్గరికొచ్చి, "వచ్చేవారం కొలాచీలు ఇంకొన్ని ఎక్కువ చెయ్యమ్మా, ఏడున్నరకి" అని వెళ్ళిపోయాడు.

లోరీన్ నా బల్ల వెనక పిండి డబ్బా మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పిచ్చిదానా, ఓడితే ఏడుస్తారా?"

"ఓడినందుకు కాదు బెర్నీస్. చదువుకున్నన్నాళ్ళూ ఇక్కడే ఆడాను. నా కోసం రిఫరీని ఒక్కడు... ఒక్కడంటే ఒక్కడు తిట్టలేదు."