ఒప్పుకోని మామయ్య జాయ్‌స్టిక్

మా మేనమామకు చిన్నప్పుడు వచ్చిన మొదటి మాట ‘అమ్మ’ కాదట, ‘ఒప్పుకోను’ అట. ఈ సంగతి మా అమ్మమ్మ చెప్పింది. మామయ్య మాత్రం ఒప్పుకోడు.

వర్షం వెలిసిందంటే ఒప్పుకోడు. గొడుగు వేసుకునే వెళతాడు. దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నా పెదవులు అదే మాట పలుకుతుంటాయి. అవతల ఆ స్వామికి ఎంత ఓపికో!

అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. రోజూ ఆ చేతిని కదిలిస్తేనే దారికొస్తుందన్నాడు డాక్టరు. "ఇక ఈ చెయ్యి ఇంతేనండీ" అని అత్తయ్య దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రాలు కంప్యూటర్లో ఇద్దరూ ఆడుకునే విమానాల ఆట కూడా మానేసింది. ఆ ఆటకు పిడికిట్లో పట్టుకుని అటూ ఇటూ వంచే జాయ్‌స్టిక్కే కావాలి. ఆవిడ పిడికిలి బిగియదు.

"ఒప్పుకోను" అన్నాడు మామయ్య. నాకు కబురు పెట్టాడు.

వర్చువల్ జాయ్‌స్టిక్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బల్ల మీద మౌసును అరచేత్తో కాస్త జరిపితే చాలు, దాన్నే జాయ్‌స్టిక్ అని ఆటను నమ్మిస్తుంది. నేను కనబడిన మొదటి సైటులోంచే దాన్ని దించుకోబోయాను.

"ఆగవే అమ్మడూ! దారినపోయేవాడు ఇచ్చింది ఇంట్లో పెడతామా? తయారుచేసినవాళ్ళ గుమ్మానికే వెళ్ళు" అన్నాడు మామయ్య.

వెళ్ళాం. ‘షరతులకు అంగీకరిస్తున్నారా?’ అని అడిగింది తెర.

"ఒప్పుకోను!"

"ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వదు మామయ్యా."

"చదవకుండా ఒప్పుకోనన్నాను. చదువు."

చదివి వినిపించేసరికి నా గొంతు ఎండిపోయింది. ఆయన జీవితంలో మొదటిసారి తల ఊపాడు, అదీ కంప్యూటరుకి!

తీరా అమర్చేటప్పుడు నేను మౌసు కదలికలో పైకీ కిందికీ తారుమారు చేశాను. అత్తయ్య విమానం ఎగరబోయి నేలలో దిగబడింది. చాలా రోజులకు ఆవిడ నవ్వింది. సరిచేశాను.

"మామయ్యా, ఇందులో ఇంకో సదుపాయం ఉంది. మీటలు దానంతటదే నొక్కుతుంది. అత్తయ్య అందరినీ ఓడించేయొచ్చు."

"ఒప్పుకోను! ఓడితే ఓడనీ. ఆడేది మీ అత్తయ్య, యంత్రం కాదు. బయటివాళ్ళతో ఆడేటప్పుడు ఈ మౌసు ఏర్పాటు వాడుతున్నామని కూడా ముందే చెప్పాలి."

అత్తయ్య మౌసుతో, మామయ్య తన పాత జాయ్‌స్టిక్‌తో పోటీకి దిగారు. మామయ్య విమానం నేరుగా పోయి కొండకు గుద్దుకుంది. అత్తయ్య గెలిచింది.

"ఒప్పుకోను! ఎండ కంట్లో పడింది. మళ్ళీ!"

"తెరలో ఎండేమిటండీ?"

మళ్ళీ అదే కొండ. "ఒప్పుకోను! మళ్ళీ!" ఆయన ఒప్పుకోనన్నప్పుడల్లా అత్తయ్య చెయ్యి బల్ల మీద అటూ ఇటూ జరుగుతూనే ఉంది.

అప్పుడు చూశాను. మామయ్య జాయ్‌స్టిక్ వైరు కంప్యూటరుకు తగిలించే లేదు.

"మామయ్యా, మీ వైరు..." అని గొణిగాను.

"నోర్ముయ్" అన్నట్టు ఉరిమి చూశాడు.

అత్తయ్య తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"పిల్ల మీద కళ్ళెర్రజేయకండి. ఆ వైరు సంగతి నేను మొదటి ఆటలోనే చూశాను. ఊఁ, మొదలుపెట్టండి. ఇప్పుడు మీరు ఓడినా నేను ఒప్పుకోను."