మూతమ్మ మూకుడు

మా అత్తగారిని డిపోలో అందరూ మూతమ్మ అంటారు. ఆవిడ వెనకాలే అంటారు, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. బస్సు డిపో క్యాంటీన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడే వంటమనిషి. ఆవిడ పొయ్యి మీదున్న మూకుడు మూత ఇంకొకళ్ళు ఎత్తారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. ఒకసారి డిపో మేనేజరే వాసనకి ఆగలేక ఎత్తబోతే, గరిటెతో వేళ్ళ మీద ఒకటిచ్చింది. ఆయన వేళ్ళు ఊదుకుంటూ వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఈ సంగతి అందరూ పడీపడీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఏడేళ్ళుగా ఆవిడ కింద పనిచేస్తున్న నాకు మాత్రం నవ్వు రాదు.

నేను ఆవిడ కోడల్ని. అదే క్యాంటీన్‌లో ఉల్లిపాయలు తరగడం, గిన్నెలు కడగడం, పాలూ గుడ్లూ చూసుకోవడం నా పని. ఇంట్లోనూ అత్తగారే, పనిలోనూ అత్తగారే. వారానికి ఒక్క ఆదివారం సెలవిస్తే ఆ రోజూ ఆవిడ ఇంట్లోనే ఉంటుంది.

ఆవిడ పేరంతా గురువారం వంటతో వచ్చింది. చిన్నప్పుడు పనిచేసిన హోటల్లో, ఓడల్లో వంటచేసి వచ్చిన ఒక ఇటలీ ముసలాయన నేర్పాడట. పాలల్లో నానిన బ్రెడ్డు, ఖీమా, గుడ్డు, తురిమిన చీజ్ కలిపి నిమ్మకాయంత ఉండలు చేస్తుంది. వెడల్పాటి ఇనప మూకుట్లో ఒకదాన్నొకటి తాకకుండా పరిచి ఎర్రగా వేయిస్తుంది. వాటిని తీసి, అదే నూనెలో వెల్లుల్లి, ఉల్లిపాయ, టొమాటోలు వేసి చిక్కగా ఉడికిస్తుంది. మళ్ళీ ఉండలు అందులోకి దించి, పైన చీజ్ పలకలు పరిచి మూత పెడుతుంది. మూత తీసేసరికి చీజ్ కరిగి బుడగలు కక్కుతుంటుంది. నాలుగు గంటలకే లేచి బస్సెక్కిన డ్రైవర్లు బ్రెడ్డుతో ఆ మూకుడు అడుగంతా తుడుచుకు తింటారు. చెప్పుకోవాలి కదా, అద్భుతంగా ఉంటుంది. నాకు ఒళ్ళుమంటగా ఉన్న రోజు కూడా అద్భుతంగానే ఉంటుంది, అది ఇంకా ఒళ్ళుమంట.

ఇంకో సంగతి. ఆవిడ వంట రుచి చూడదు. నాలిక మీద వేసుకుని చూసేవాళ్ళు వంట రానివాళ్ళని ఆవిడ లెక్క. అన్నీ ముక్కుతోనే. ఖీమా పొట్లం విప్పితే వాసన, పాలు తీస్తే వాసన, ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆవిరి పీల్చే చెప్పేది. వీధి మొదట్లో నిలబడి ఎవరింట్లో వెల్లుల్లి మాడిందో చెప్పగలిగిన మనిషి. ఏ అరలో ఏది పెట్టామన్నది ఆవిడకి అనవసరం. చేతికి దొరికింది తీస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, తలూపుతుంది. అంతే.

ఆ గురువారమూ అలాగే చేసింది. పాల క్యాను మూత తీసింది, గట్టిగా పీల్చింది, తలూపింది, బ్రెడ్డు ముక్కల మీద పోసింది. పక్కనే నేను ఉల్లిపాయలు తరుగుతూ ఆ ఘాటుకి కళ్ళూ ముక్కూ కారుతూ నిలబడి ఉన్నాను. కానీ ఆవిడ తలూపడం మాత్రం స్పష్టంగా చూశాను.

మధ్యాహ్నం మొదటి పళ్ళెం ఇరవై రెండో నంబరు బస్సు డ్రైవరుది. గురువారం కోసమే షిఫ్టు మార్చుకునే మనిషి ఆయన. ఉండ నోట్లో పెట్టుకున్నాడు, మొహం వికారంగా పెట్టి కాగితంలోకి ఉమ్మేశాడు. రెండో ఆయనా అంతే. నలభై పళ్ళేల వంట చెత్తబుట్ట పాలైంది. ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం.

క్యాంటీన్ సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. క్యాను వాసన చూసి వెనక్కి జరిగాడు.

"ఈ పాలు ఎవరు చూసుకుంటారు?"

మా అత్తగారు ఖాళీ మూకుడు వైపే చూస్తూ, "పాలు అమ్మాయి చూసుకుంటుంది," అంది.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అదే నా కడుపు మండించింది. అది సోమవారం క్యాను. మంగళవారం కరెంటు పోయి ఫ్రిజ్ సగం రోజు ఆగిపోతే, పాలవాడికి తిరిగి ఇచ్చేద్దామని కింది అరలో పెట్టాను. తాజా పాలు పై అరలో పెట్టాను. "అత్తయ్యా, కింది అరలోవి తియ్యకండి," అని చెప్పాను కూడా. ఊఁ అంది.

ఇదంతా చెప్పబోయాను. సూపర్‌వైజరు వింటేగా. "శనివారం దాకా రా. సోమవారం నుంచి వద్దు," అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ వంటమనిషి మాట ముందు గిన్నెలు కడిగేదాని మాటకి విలువేముంది? ఆవిడ ఒక్కసారి నోరు తెరిచి "నేనే పోశాను" అంటే సరిపోయేది. అనలేదు. గరిటెలు సర్దుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు చేసిందో నాకు తెలుసనుకున్నాను. రెండు వారాల కింద, "బుధవారం ఒక్కరోజు నన్ను వండనివ్వండి అత్తయ్యా," అని అడిగాను. జవాబు చెప్పలేదు. ఇదీ జవాబు అనుకున్నాను. పాడైన పాలని తెలిసే పోసింది, నన్ను వెళ్ళగొట్టడానికే పోసింది. వాసన చూసి మరీ తలూపింది కదా. క్యానులో మిగిలిన పాలు ఒక సీసాలోకి వంచుకుని సంచీలో పెట్టుకున్నాను.

సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాను. ఆయనది అదే డిపోలో టైర్ల పని. రోజంతా కాలిన రబ్బరు వాసనలో బతికే మనిషి, ఆయన కూడా మొహం తిప్పేసుకున్నాడు.

"మీ అమ్మ దీన్ని వాసన చూసి బాగుందని తలూపింది," అన్నాను.

"అమ్మ అలా చెయ్యదు."

"అయితే నేను అబద్ధాలకోరునా?"

ఆయన నీళ్ళు నమిలాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఇద్దరి మధ్యా ఆయన చేసే పని అదొక్కటే. ముందుగదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

వంటగదిలోకి వెళ్ళాను. "ఇవాళ వంట నేనే చేస్తాను. మీ వంటే చేస్తాను. మీ మూకుట్లోనే చేస్తాను," అన్నాను. ఇంట్లో ఉన్న చిన్న ఇనప మూకుడు ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. యుద్ధానికి సిద్ధపడే తీశాను. ఆవిడ పొయ్యికి వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని చీజ్ తురమడం మొదలుపెట్టింది.

నేను ఖీమా పిసికిన పిసుకుడుకి ఉండలు రాళ్ళు కావాల్సింది. ఎలాగో కుదిరాయి. వేయించి తీశాను. వెల్లుల్లి వేశాను. వేస్తూనే తిట్లు అందుకున్నాను, పెళ్ళిరోజు దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఆ ఊపులో గరిటె తిప్పడం మర్చిపోయాను. వెల్లుల్లి నల్లబడి పొగలేచింది.

"ఏదో మాడుతోంది," అని ముందుగదిలోంచి మా ఆయన అరిచాడు.

పొయ్యి ఆపి వెనక్కి తిరిగాను. మాట అంటుందని చూశాను. ఇంతకాలం ఎదురుచూసిన అవకాశం కదా ఆవిడకి. ఆవిడ చీజ్ తురుముతోంది. ఆవిడ తల తిరగలేదు, చెయ్యి ఆగలేదు. ఇల్లంతా కంపు కొడుతోంది, వీధి మొదట్లోంచి వెల్లుల్లి పసిగట్టే మనిషి రెండడుగుల దూరంలో ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

నా నోట్లో తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

సంచీలోంచి సీసా తీశాను. గ్లాసులోకి పాలు వంచాను. ఆవిడ ముందు పెట్టాను.

"అత్తయ్యా, ఈ పాలు బాగున్నాయా, చూడండి."

ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. తలూపింది.

"బాగున్నాయి," అంది. తాగడానికి ఎత్తింది.

గ్లాసు లాక్కున్నాను. పాలు ఇద్దరి చేతుల మీదా ఒలికాయి. ఆవిడ నా మొహం చూసింది, గ్లాసు చూసింది. ఆవిడకి అర్థమైంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చలికాలంలో జ్వరం వచ్చిందిగా. అప్పట్నుంచి."

"ఐదు నెలలు. ఐదు నెలల్నుంచి వాసన తెలీకుండా వండుతున్నారా?"

"చేతికి లెక్క తెలుసు. వెల్లుల్లి చిటపట తగ్గితే తిప్పాలి. నువ్వు అరుస్తుంటే వినపడలేదు."

తప్పు ఇప్పుడూ నాదేనన్నమాట.

"మరి అన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని ఆ నటనేంటి?"

"పెట్టుకోకపోతే నువ్వు అడుగుతావుగా."

"నన్ను పనిలోంచి తీసేస్తుంటే బొమ్మలా నిలబడ్డారు."

ఆవిడ చేతుల మీద పాలు కొంగుతో తుడుచుకుంది. "నిజం చెప్తే నన్ను తీసేస్తారు. ముక్కు పోయిన వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? నాకు ఇంకో పని రాదు."

"అందుకని నన్ను బలిచ్చారు."

కాదు అనలేదు. ఆ ఒక్క నిజాయితీ చూపించింది.

ఇలాంటప్పుడు జాలి పుట్టాలి. పుట్టలేదని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. పగబట్టి చేసిందనుకున్నప్పటి కోపం ఒకరకం. తన భయం కోసం నన్ను ముందుకి తోసిందని తెలిశాక వచ్చిన కోపం దానికి పదింతలు. ఏడేళ్ళు పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడకి ముక్కు నేనే అయ్యేదాన్ని, మూడో కంటికి తెలియనిచ్చేదాన్ని కాదు.

"నేను ఎవరికీ చెప్పను," అన్నాను. "చెప్పినా కోడలి ఏడుపు అంటారు. చెప్పాల్సింది మీరు. శనివారం లోపల చెప్పాలి."

మాడిన వెల్లుల్లి పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. ముగ్గురం తిన్నాం. మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, బాగుంది అనాలో వద్దో తెలీక బ్రెడ్డు నములుతూ కూర్చున్నాడు. అత్తగారు రెండు ఉండలు తింది. "విడిపోలేదు," అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆవిడకే తెలియాలి.

శుక్రవారం పొద్దున అదే వంట మళ్ళీ చెయ్యమని సూపర్‌వైజరు హుకుం వేశాడు. దగ్గరుండి చూస్తానన్నాడు. పాలు తీసేటప్పుడు అత్తగారు క్యాను మూత తీసి, తన ముక్కు దగ్గరికి తీసుకెళ్ళలేదు. నా వైపు జరిపింది. వాసన చూసి తలూపాను. ఇంతేనా, చాటుగా వాడుకుని సోమవారం పంపించేస్తుందా అనుకుంటూ ఉల్లిపాయల మీద కసి తీర్చుకున్నాను.

పదకొండున్నరకి డ్రైవర్లు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నిన్నటి దెబ్బకి వాళ్ళ మొహాల్లో అనుమానం కనిపిస్తోంది. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని పొయ్యి పక్కనే ఉన్నాడు. మూకుడు మీద మూత ఉంది.

"అమ్మాయ్, ఇటు రా," అంది అత్తగారు.

వెళ్ళాను.

"మూత తియ్యి."

వరసలో మాటలు ఆగిపోయాయి. నేను కదల్లేదు. ఆవిడ మసిగుడ్డ నా చేతిలో పెట్టింది. మూత ఎత్తాను. ఆవిరి మొహానికి కొట్టింది.

"నిన్న పాలు పోసింది నేను," అని సూపర్‌వైజరుతో అంది. "తియ్యొద్దని అమ్మాయి చెప్పింది కూడా. నాకు వాసన తెలియట్లేదు. ఐదు నెలలైంది."

ఆయన తెల్లబోయాడు. "మరి ఎలా వండుతారు?"

"అమ్మాయి ఉంటే వండుతాను. సోమవారం నుంచి తను రాకూడదంటే నేనూ రాను." తర్వాత నా వైపు తిరిగింది. "రుచి చూడు."

చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. అద్భుతంగా ఉంది అనేసి ఊరుకోవచ్చు. ఆవిడ పరువు నిలబడేది, నేనూ మంచిదాన్ననిపించుకునేదాన్ని.

"ఉప్పు చాలలేదు," అన్నాను, వరస చివరి మనిషికి కూడా వినపడేలా. నిజంగానే చాలలేదు.

ఆవిడ ఉప్పు డబ్బా తీసింది. వేళ్ళు డబ్బాలో ఉండగానే ఆగింది.

"ఎంత?" అని అడిగింది.

ఏడేళ్ళలో ఆవిడ నన్ను వంట గురించి అడిగిన మొదటి మాట అది. అయినా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"రెండు చిటికెలు," అన్నాను.

సరిగ్గా రెండు చిటికెలు వేసింది. మూత ఇమ్మని చెయ్యి చాపలేదు. అది నా చేతిలోనే ఉంది, గుడ్డలోంచి కాలుతోంది. కింద పెట్టలేదు.