రెండు ఎడమ చేతుల కోటు

మా అక్క దర్జీ. ఇరవై ఏళ్ళు ఒకటే కొట్టు, మేడమెట్ల కింద, చేతులు చాచితే రెండు గోడలూ తగిలేంత. ఆమె కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. కత్తెర పెట్టాక ఆమె కొలత తప్పడం నేనెరగను. తీర్పు ఇచ్చాక తిరుగుండదని బావ ఆమెను ‘జడ్జిగారు’ అనేవాడు.

ఒక ఏడాది అక్కకు రొమ్ము క్యాన్సర్ అన్నారు. కుడివైపు తీసేశారు, చంకలోని గ్రంథులు కూడా. నయమైందన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. కానీ చంక నుంచి వేళ్ళ దాకా నొప్పి ఉండిపోయింది. మొదట్లో చెప్పేది. చెప్పగానే జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోయేవాళ్ళం. పరుగున స్కానింగుకి తీసుకెళ్ళేవాళ్ళం. రిపోర్టు బాగుందనగానే బావ కళ్ళు తుడుచుకునేవాడు, నేను నవ్వేదాన్ని. అక్క మా మధ్య మోచెయ్యి ఒత్తుకుంటూ కూర్చునేది. ఆ చేతి సంగతి ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. నాలుగోసారి తర్వాత చెప్పడం మానేసింది. తగ్గిపోయిందనుకున్నాం. అలా అనుకోవడం మాకు హాయిగా ఉండేది.

ఆపరేషనైన ఐదో ఏడు ఒక హోటలు మేనేజరు కోటు గుడ్డ ఇచ్చాడు, దళసరిది, తిరగేసి కుట్టడానికి వీల్లేకుండా మంచివైపు ఒక్కటే. అక్క కత్తిరించి నా ముందు పెట్టింది. చేతులు ఎక్కించబోతే ఒకటి కూర్చుంది, రెండోది ఎటు తిప్పినా కూర్చోలేదు. రెండూ ఎడమవే.

“జడ్జిగారూ, ఈయనకి కుడిచెయ్యి లేదా?” అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అప్పుడు తట్టింది. గుడ్డను మడతపెట్టి రెండు పొరలూ ఒకేసారి కోస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. ఒక్కో పొర విడిగా కోసి, రెండోసారి నమూనా కాగితం తిప్పడం మరిస్తేనే ఈ తప్పు జరుగుతుంది. పని నేర్చుకునే రోజుల్లో కూడా అక్క అలా కోయలేదు.

“ఎన్నాళ్ళ నుంచి విడిగా కోస్తున్నావు?”

“రెండేళ్ళయింది. రెండు పొరల మీద కత్తెర మూయలేనే. ఇన్నాళ్ళూ కాగితం తిప్పుకుంటూనే ఉన్నా. ఇవాళ మరిచాను.”

అలవాటు కొద్దీ నా నోట అదే మాట వచ్చింది, రేపే స్కానింగుకి వెళ్దామని. అక్క కత్తెర బల్ల మీద పెట్టేసింది.

“జబ్బు లేదని నాకూ తెలుసే. లేనిదాన్ని వెతకడానికి ఇంతమంది ఉన్నారు. ఉన్న నొప్పి దగ్గర ఒక్కరన్నా కూర్చోండి.”

కొట్టు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. జడ వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో, ఎటు ఒత్తిగిలినా ఎలా మెలకువ వస్తుందో, బావ కంగారు పడతాడని నిద్రపోతున్నట్టు ఎలా నటిస్తుందో చెప్పింది. సలహా ఇవ్వకుండా నోరు కట్టేసుకుని విన్నాను.

మర్నాటి నుంచి ఆమె సుద్దతో గీసేది, నేను కోసేదాన్ని. నా కోత చూసి పళ్ళు నూరేది. నొప్పి మాత్రం తగ్గలేదు. “ఇవాళ ఎక్కువగా ఉందే” అనేది. “ఊఁ” అని స్టూలు దగ్గరికి జరుపుకునేదాన్ని.

మూడేళ్ళకు గుండె ఆగి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళంతా, ఏమైనా క్యాన్సర్‌ను గెలిచిన మనిషి అన్నారు. బావ తలూపాడు. నేను ఆమె కుడిపక్కన కూర్చున్నాను. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. ఆ చెయ్యి అంత తేలిగ్గా తెరుచుకుని ఉండటం ఎనిమిదేళ్ళలో నేను చూడలేదు.