ఆళ్ళగడ్డలో రెండంగుళాలు తగ్గిన కుర్చీ

మా పారిశ్రామిక పాఠశాలలో చివరి ఏడాది చదివేవాళ్ళు సొంతంగా కాగితం మీద నమూనా బొమ్మ గీసి, దాని ప్రకారం ఒక సామాను చేసి, రెండింటినీ కడపలో పరీక్షకు పెట్టాలి. బొమ్మకూ వస్తువుకూ కొలత కలవకపోతే బొమ్మ తప్పినట్టే, మళ్ళీ ఏడాది ఆగాలి. నేను ఆడపిల్లల బడి పంతులమ్మ కోసమని టేకు కుర్చీ చేశాను. ఆరు నెలల పని. దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటూ కర్నూలులో బయలుదేరాను.

యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి కదా. ఉదయం ఆరుకు ఎక్కితే నంద్యాల తొమ్మిదిన్నరకు, ఆళ్ళగడ్డ పన్నెండుకు వచ్చింది. ఛార్జీ రెండు రూపాయలు, కుర్చీకి వేరే నాలుగణాలు. "బొగ్గేసుకోవల్ల, గంట పడతాది. అవ్వ పూటకూళ్ళింట్లో రొట్టె తినిరాపోప్పా" అన్నాడు డ్రైవరు. టాపు మీద ఎండకు కుర్చీ బీటలిస్తుందేమోనని భయపడి దింపించుకొని, వెంట మోసుకుపోయాను.

అవ్వ జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ పెట్టి, కుర్చీ ఎవరికని అడిగింది. చెప్పి, గర్వంగా కూర్చోమన్నాను. చెయ్యి తుడుచుకొని కూర్చుంది. ముందుకు జరిగింది, వెనక్కి జరిగింది.

"బాగుండాది గానీ, కాళ్ళు నేలకు అందల్యా నాయనా. మీ పంతులమ్మ దొరసాని మాదిరి శానా పొడుగా?"

"పుస్తకంలో కొలత ఇంతే అవ్వా."

"ఆ పుస్తకం రాసినోళ్ళు ఈడోళ్ళను చూసినారా? పొద్దంతా కాళ్ళు యాలాడేసుకొని కూచుంటే నడుము పోతాది."

నాకు ఒళ్ళు మండింది. ఆమె పెట్టిన రొట్టె చేతిలో ఉండగా ఏమనగలను? పైగా ఆమె పాదాలు నిజంగానే గాలిలో ఉన్నాయి. బొమ్మ నిలబెట్టుకుంటే కుర్చీ తప్పు, కుర్చీ సరిచేస్తే బొమ్మ తప్పు. సంచిలో రంపం ఉంది. బయట డ్రైవరు హారను కొడుతున్నా వినకుండా నాలుగు కాళ్ళూ రెండేసి అంగుళాలు కోసేశాను. అవ్వ మళ్ళీ కూర్చుని, "ఇబ్బుడు కూచున్నట్టుండాది" అంది.

సాయంత్రం ఐదుకు కడప చేరాను. బొమ్మ మళ్ళీ గీద్దామంటే ఈ యుద్ధకాలంలో మందపు కాగితం ఏ దుకాణంలోనూ దొరకలేదు. సత్రంలో కూర్చుని పాత కొలత కొట్టేసి, కొత్తది రాశాను. మర్నాడు పరీక్షాధికారి కుర్చీలో కూర్చుని చూసి, "పని బాగుంది" అన్నారు. బొమ్మ చేతికి తీసుకొని, "కొట్టివేత ఉంటే చెల్లదు. ఎందుకు మార్చినావు?" అన్నారు. అవ్వ సంగతి చెప్పాను. ఆయన నన్ను వడ్రంగంలో పాసు చేసి, బొమ్మలో తప్పించారు.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. ఏడాది పోయినందుకు సగం. మిగతా సగం మా అమ్మ గుర్తొచ్చి. ఆమె కూడా అవ్వంతే ఎత్తు. ఆరు నెలలూ ఆ కుర్చీని మా ఇంటి పంచలోనే చేశాను. రోజూ దాని పక్కనుంచే ఆమె నీళ్ళు మోసింది. పాలిష్ పాడవుతుందని ఒక్కనాడూ కూర్చోనివ్వలేదు.

వచ్చే ఏడు మళ్ళీ పోతాను. మీరూ ఆ పరీక్షకు పోయేవాళ్ళయితే ఆరింటి బస్సే ఎక్కండి. సంచిలో ఒక ఖాళీ కాగితం తప్పకుండా పెట్టుకోండి.