జేవియర్ చెప్పని కబురు

యానాంలో ఇరవై రెండేళ్లపాటు ఏ ఉచిత కార్యక్రమం జరిగినా ఆ కబురు జేవియర్ గొంతుతోనే ఇళ్లకు చేరేది. కంటి పరీక్షల శిబిరం కానీ, కుట్టుపని శిక్షణ కానీ, పిల్లలకు బొమ్మల పోటీ కానీ, ఆటోకు మైకు కట్టుకుని అడవిపొలం నుంచి అగ్రహారం దాకా వీధి వీధీ తిరిగేవాడు. రికార్డింగు చేసి పెట్టుకోవచ్చు కదా అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎదురుగా మనిషి కనపడితేనే గదండీ మాటొచ్చేది" అనేవాడు.

అతనికి చదువు రాదు. ఆ సంగతి భార్య తెరేసాకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరైనా కరపత్రం చేతికిస్తే, "కళ్లజోడు తేలేదండి, ఓసారి చదివి వినిపిద్దురూ" అనేవాడు. ఒక్కసారి వింటే చాలు, తేదీ, వేళ, చోటు పొల్లుపోకుండా అప్పగించేసేవాడు.

నిరుడు వేసవిలో దగ్గు పట్టుకుంది. కాకినాడలో చూపిస్తే గొంతులో రాచపుండు అన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేశారు. మెడకు ఒక రంధ్రం, దానిమీద పల్చటి గుడ్డ మిగిలాయి. ఆస్పత్రిలో నర్సు ఒక పలక ఇచ్చి, "ఏం కావాలన్నా దీనిమీద రాయండి" అంది. జేవియర్ ఆ పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరికే చూశాడు.

ఊరికొచ్చాక ఆటో అమ్మేశాడు. కమ్యూనిటీ హాలులో కార్యక్రమాలు చూసే నాగమణి, రిటైరైన టీచరు, జాలిపడి కుర్చీలు సర్దే పని ఇప్పించింది.

ఈ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. ఆ రోజు హాల్లో ఏ కార్యక్రమమూ లేదు. నాలుగవుతుండగా నాగమణి తలుపులు వేయబోతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పదిహేడు మంది ఆడవాళ్లు, ఒకరి వెనక ఒకరు.

"ఏం కావాలమ్మా?"

"సదువు సెప్తారంట గదండీ. నాలుగింటికని మైకులో సెప్పేరు" అంది ముందున్న చిట్టెమ్మ. అడవిపొలంలో చేపలమ్ముకునే మనిషి.

"ఇవాళేం లేదే! ఎవరు చెప్పారు?"

"జేవియరు బాబండి." అంటూనే మూలన కుర్చీలు సర్దుతున్న మనిషిని చూసింది. "ఇదుగో, ఇక్కడే ఉన్నాడు గదా!"

నాగమణి తలుపు గొళ్లెం వదిలేసింది. "ఆయనకి మాట పోయి తొమ్మిది నెలలైంది చిట్టెమ్మా."

  వెనకున్న ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏమని చెప్పాడు?" నాగమణి గొంతు తగ్గించి అడిగింది.

చిట్టెమ్మ విన్నది విన్నట్టు చెప్పింది. "అచ్చరం రానోళ్లంతా రండి, సిగ్గుపడకండి, నాకూ రాదు, నేనూ వత్తన్నాను, అన్నాడండి."

 జేవియర్ చెయ్యి తనంతట తనే మెడ మీద గుడ్డకేసి వెళ్లింది. తెరేసా చెప్పే మనిషి కాదు. తాను చెప్పలేడు.

"జేవియర్ గారూ, మీకు చదువు రాదా?"

వచ్చునన్నట్టు తలూపితే సరిపోయేది. ఊపలేకపోయాడు. చేతిలో కుర్చీ కింద పెట్టి, ఆ ఆడవాళ్ల మధ్యనే కూర్చున్నాడు. నాగమణి కాసేపు అతన్నే చూసి, సుద్దముక్క వెతికి, బోర్డు మీద 'అ' రాసింది.

ప్రతి శుక్రవారమూ క్లాసు జరిగింది. ఆ రోజు మైకు తిప్పింది ఎవరో నాగమణి ఊరంతా వాకబు చేసింది. ఏ ఆటోవాడూ తానేనని అనలేదు.

నాలుగు నెలలకు జేవియర్‌కు కూడబలుక్కుని రాయడం వచ్చింది. పలక మీద మొట్టమొదట రాసిన ప్రశ్న చిట్టెమ్మకు చూపించాడు: 'గొంతు ఎటు నుంచి వచ్చింది?'

చిట్టెమ్మ వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివింది. "ఏటి వైపు నించి బాబూ. బండి అవుపించలేదు. మేం వాకిట్లోకొచ్చేసరికి దూరం ఎల్లిపోయింది." కాస్త ఆగి, "మజ్జిలో దగ్గేవు కూడా. మునుపు దగ్గేవాడివే, అలాగే" అంది.

జేవియర్ ఇంటికెళ్లి అదే పలక తెరేసా ముందు పెట్టాడు. ఆమెకు చదువు వచ్చు. చదివి, గిన్నె తోముతున్న చెయ్యి ఆపేసింది.

"నేనూ విన్నానండి" అంది తలెత్తకుండా. "ఆ రోజు పెరట్లో బట్టలారేస్తన్నాను. మీ గొంతే. మన వీధి చివరి దాకా వినపడింది. బయటికెళ్లి చూస్తే ఆగిపోద్దేమోనని ఎళ్లలేదు. అక్కడే నిలబడి విన్నాను."

జేవియర్ పలక తుడిచాడు. ఇంకేదో రాయబోయి బలపం పట్టుకుని ఆగిపోయాడు. ఏరు అటుపక్కనే ఉంది. గాలి ఇటే వీస్తోంది. ఇద్దరూ చాలాసేపు అలాగే చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.